గేదె తోక పట్టుకుని చెరువు దాటిన దాలమ్మ

ఇటు తిరిగి పడుకో చిన్నీ. దుప్పటి కప్పుకున్నావా? ఊఁ కొట్టాలి మరి. ఊఁ కొట్టకపోతే కథ ఎక్కడికక్కడే ఆగిపోతుంది.

అనగనగనగా చుట్టూ కొండలు, కొండల నడుమ ఒక పెద్ద చెరువు, ఆ చెరువు ఒడ్డున చిన్న ఊరు. ఊరి వెనకంతా అడవే. వెదురు పొదలు, మద్దిచెట్లు, ఇప్పచెట్లు. ముందంతా నీళ్ళే. ఆ నీళ్ళ మధ్యలో తాబేలు వీపులాగా ఒక పచ్చటి దిబ్బ ఉండేది.

ఆ ఊళ్ళో మగవాళ్ళు తెల్లారగానే తెప్పలేసుకుని చేపలకి వెళ్ళేవారు. ఆడవాళ్ళు చేపలు ఎండబెట్టేవారు, అడవిలోంచి ఆకులు తెచ్చి విస్తళ్ళు కుట్టేవారు. గేదెలకి మాత్రం ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు. ఎండ ముదిరేసరికి అవే నీళ్ళలోకి దిగి, ఈదుకుంటూ దిబ్బ మీదికి వెళ్ళి, గడ్డి మేసి, పొద్దు వాలాక ఇంటికి వచ్చేవి.

ఆ ఊరికి దాలమ్మ అనే పిల్ల కొత్తకోడలిగా వచ్చింది. వాళ్ళ పుట్టిల్లు మెట్ట ఊరు. అక్కడ నీళ్ళంటే బావిలోంచి తోడుకునేవే. అంత చెరువు చూసేసరికి పాపం, దాని గుండె గుభేలుమంది.

మొగుడు గౌరేసు నెమ్మదైనవాడు. అత్త పైడమ్మ కూడా మంచిదే, కాకపోతే నోరు పెద్దది. చెరువుకి ఈ ఒడ్డున అరిస్తే ఆ ఒడ్డున కొంగలు లేచిపోయేవి.

దాలమ్మ మొదటిసారి చీలమండల దాకా నీళ్ళలోకి దిగింది. చిన్న చేపలు వచ్చి కాళ్ళు కొరికాయి. కెవ్వుమని ఒడ్డుకి పరిగెత్తింది.

ఆ తర్వాత గౌరేసు తెప్ప ఎక్కించాడు. తెప్ప ఇటు ఊగితే దాలమ్మ అటు, అటు ఊగితే ఇటు వాలి, మొగుడి మెడ పట్టుకుని దిగేదాకా వదల్లేదు.

ఆ తర్వాత ఒకరోజు పైడమ్మే చెయ్యి పట్టి లాక్కెళ్ళింది. కాలు జారి దాలమ్మ బుడుంగున మునిగి, ముక్కుల్లోకి నీళ్ళు పోయి, దగ్గుతూ బయటికొచ్చి బావురుమంది.

"చెరువు ఒడ్డుకి కాపరానికొచ్చి నీళ్ళంటే భయమేటే పిల్లా!" అంది పైడమ్మ. ఒడ్డున బట్టలుతుక్కునే ఆడవాళ్ళు పకపకా నవ్వారు.

దాలమ్మకి తల కొట్టేసినట్టయింది. అప్పటినుంచి స్నానానికి కూడా కుండతో నీళ్ళు మోసుకొచ్చుకునేది తప్ప చెరువులో కాలు పెట్టలేదు.

ఏమిటీ? నీకూ భయమేనా? నీకు తలంటి పోసేటప్పుడే కదే భయం, నాకు తెలియదూ!

ఆ ఇంట్లో మంగ అని ఒక గేదె ఉండేది. పొద్దున్నే దాలమ్మ దానికి కుడితి పెట్టేది, ఒంటికి పట్టిన గోమార్లు ఏరేది, తన పుట్టింటి కబుర్లన్నీ దానికే చెప్పుకునేది. మంగ చెవులూపుతూ వినేది. దాలమ్మ ఎటు పోతే అటు వెంట తిరిగేది.

అలా ఉండగా ఎండాకాలం వచ్చింది. ఇప్పచెట్లు పూశాయి. ఇప్పపూలు ఎప్పుడన్నా చూశావా? తెల్లగా, గుండ్రంగా, జున్నుముక్కల్లా ఉంటాయి. తెల్లవారుజామున టప్ టప్ మని రాలతాయి. ఎండబెట్టి, ఉడకబెట్టి, బెల్లం కలుపుకుని తింటే ఎంత కమ్మగా ఉంటాయో!

కానీ చెట్టు కింద ఎండుటాకులు ఇంతెత్తున ఉంటాయి కదా, వాటిలో పడితే పూలు కనపడవు. అందుకని ఆ ఊరివాళ్ళు ఏటా ఆకులకి నిప్పు పెట్టి నేల శుభ్రం చేసుకునేవారు.

ఒక సంతరోజున మగవాళ్ళంతా ఎండుచేపలు మోసుకుని కొండ అవతలికి వెళ్ళారు. అప్పుడు పైడమ్మ తన ఇప్పచెట్టు కింద ఆకులు పోగేసి అగ్గిపుల్ల గీసింది. ఏటా చేసే పనే.

అప్పుడే ఎక్కణ్ణుంచి వచ్చిందో ఒక సుడిగాలి గిర్రున తిరిగింది. మండుతున్న ఆకుల్ని పైకెత్తి తీసుకెళ్ళి వెదురు పొదల్లో పడేసింది. ఎండిపోయిన వెదురాయె! ఠాప్ ఠాప్ మని పేలుతూ అంటుకుంది.

పైడమ్మ గట్టిగా కేక పెట్టింది. ఊళ్ళో ఆడవాళ్ళంతా పరిగెత్తారు. దాలమ్మ కూడా పరిగెత్తింది.

ముందు పచ్చికొమ్మలు విరిచి మంటని బాదారు. ఇటు ఆరితే అటు లేచింది. ఆ తర్వాత కుండలతో నీళ్ళు మోసి పోశారు. ఆ మంటకి అవి ఏ మూలకి చాలతాయి? ఆ తర్వాత ఊరికీ అడవికీ మధ్య ఆకులన్నీ చీపుళ్ళతో ఊడ్చి, బాటంత వెడల్పున నేల బోడి చేశారు. కానీ గాలికి నిప్పురవ్వలు ఆ బాట మీంచి ఎగిరొచ్చి ఇళ్ళ కప్పుల మీద పడ్డాయి.

"ఇక చాలు! పిల్లల్ని తీసుకుని దిబ్బకి పదండి!" అన్నాడు సన్యాసి తాత. ఆ ఊరికి ఆయనే పెద్ద, ముసలాయన కాబట్టి సంతకి వెళ్ళలేదు.

తెప్పల మీద పసిపిల్లల్ని, ముసలివాళ్ళని ఎక్కించారు. ఈత వచ్చినవాళ్ళు తెప్పల్ని పట్టుకుని ఈదారు. ఎవరో దాలమ్మ చెయ్యి పట్టి తెప్ప ఎక్కించబోయారు. అప్పుడు దాలమ్మ చుట్టూ చూసింది.

"మా అత్త ఏదీ?"

ఎవరూ చూడలేదు. దాలమ్మ చెయ్యి విడిపించుకుని వెనక్కి పరిగెత్తింది.

పైడమ్మ ఆ పొగలో ఒక్కతే ఉంది. పాదాలు బొబ్బలెక్కి నేల మీద కూలబడి, ఇంకా కొమ్మతో మంటని బాదుతూనే ఉంది.

"నువ్వెల్లిపోవే! ఈ నిప్పు పెట్టింది నేను. నేనెలా వస్తాను?" అని ఏడ్చింది. అంత పెద్ద నోరు కాస్తా పీలగా అయిపోయింది.

"పెడితే పెట్టావు. నువ్వు రాకపోతే నేనూ ఇక్కడే కూర్చుంటాను," అంది దాలమ్మ. అని అత్త చెయ్యి తన భుజం మీద వేసుకుని ఒడ్డుకి నడిపించుకొచ్చింది.

తెప్పలన్నీ దిబ్బ దగ్గర ఉన్నాయి. అరిస్తే మంటల హోరులో వినపడటం లేదు. వెనక చూస్తే మంట, ముందు చూస్తే నీళ్ళు.

అప్పుడు నీళ్ళలోంచి ఎవరో బుస్సుమని ఊపిరి వదిలారు. ఎవరనుకున్నావు? మంగే! మిగతా గేదెలన్నీ వెళ్ళిపోయినా అది మాత్రం ఒడ్డు పక్కనే నీళ్ళలో నిలబడి, దాలమ్మకేసే చూస్తోంది.

దాలమ్మ అత్తని ఎత్తి మంగ వీపు మీద బోర్లా పడుకోబెట్టింది. తను తోక పట్టుకుంది. మంగ కదిలింది. మోకాళ్ళ దాకా నీళ్ళు, నడుం దాకా నీళ్ళు, ఆ తర్వాత కాళ్ళ కింద నేలే లేదు.

"అత్తా! మునిగిపోతున్నాను!"

"మునగవే! తోక ఒగ్గకు, గట్టిగా పట్టుకో!" అంది పైడమ్మ, వెనక్కి తిరిగి చూస్తూ. "కాళ్ళు కప్పలాగా ఆడించు. గడ్డం పైకెత్తు. నాకేసి చూడు, నాకేసే చూడు నా తల్లీ!"

దాలమ్మ అత్తకేసి చూస్తూ కాళ్ళు ఆడించింది. నీళ్ళు మింగింది, దగ్గింది, మళ్ళీ ఆడించింది. అలా కాసేపటికి మోకాళ్ళకి మెత్తగా గడ్డి తగిలింది. దిబ్బ వచ్చేసింది!

ఊరి ఆడవాళ్ళంతా వాళ్ళని పైకి లాగి ఒళ్ళో కూర్చోబెట్టుకున్నారు. ఇప్పుడు ఎవ్వరూ నవ్వలేదు.

ఆ తర్వాత గాలి వెనక్కి, కాలిపోయిన అడవికేసి తిరిగింది. అడవి మంట ఊడ్చిన బాట దగ్గరే ఆగిపోయింది. సంతకెళ్ళిన మగవాళ్ళు పొగ చూసి పరుగున వచ్చి మిగిలిన నిప్పుని ఆర్పేశారు. కొన్ని ఇళ్ళు కాలిపోయాయి, ఎక్కువ ఇళ్ళు నిలిచాయి. మనుషులందరూ బతికారు.

అందరూ ఒకచోట చేరినప్పుడు పైడమ్మ లేచింది. "నిప్పు పెట్టింది నేనే. మీరేమన్నా పడతాను," అంది.

సన్యాసి తాత తల అడ్డంగా ఊపాడు. "నువ్వొక్కదానివే ఏటమ్మా? ఏటా మనమందరం పెడుతున్నదే. గాలి ఈ ఏడు నీ చెట్టు కిందకొచ్చింది, అంతే. కాలిన ఇళ్ళు అందరం కలిసి కట్టుకుందాం."

అలాగే కట్టుకున్నారు. ఆ తర్వాత వానలు పడ్డాయి. నల్లగా మాడిన నేల మీద వెదురు మొలకలు సూదుల్లా పొడుచుకొచ్చాయి. పైడమ్మ కాళ్ళు మానాయి. గౌరేసు రోజూ సాయంత్రం దాలమ్మకి ఈత నేర్పాడు.

మళ్ళీ ఎండాకాలం వచ్చింది. కాలకుండా మిగిలిన ఇప్పచెట్లు మొగ్గ తొడిగాయి. నిప్పు పెట్టొద్దని ఊరంతా అనుకున్నారు. మరి పూలు ఎలా ఏరుకోవడం?

దాలమ్మ చూరులోంచి ఒక చిరిగిన పాతవల లాగింది. "అత్తా, దీన్ని చెట్టు కింద కడితేనో?"

ఇద్దరూ వెళ్ళి నాలుగు కర్రలు పాతి, వలని ఉయ్యాలలాగా కట్టారు. పొద్దున్నే ఊరంతా చూడ్డానికి వచ్చారు. టప్, టప్, టప్! ఆకుల్లో పడకుండా, మట్టి అంటకుండా, వల నిండా తెల్లటి పూలు!

పైడమ్మ మొదటి గుప్పెడు తీసి కోడలి నోట్లో పెట్టింది. ఆ తర్వాత ఊరంతటికీ వినపడేలా అరిచింది. "చూశారా! నా కోడలు అడవిలో చేపలు పట్టింది!"

నవ్వుతున్నావా? నవ్వు, నవ్వు. ఇంక కళ్ళు మూసుకో మరి.

కథేమో కంచికి దారి పట్టింది,
నిద్రేమో మనింటి తలుపు తట్టింది.