డిప్పయ్య మెత్తటి పడక

అనగనగా ఒక చింతల అడవి. ఆ అడవిలో ఒక పెద్ద బండ కింద డిప్పయ్య అనే తాబేలు కాపురముండేవాడు. ఆయనకున్న ఆస్తల్లా ఒక పడక. ఎండుటాకులూ పీచూ పరిచి, అడవి మొత్తంలోకీ మెత్తగా చేసుకున్నాడు. దాని గొప్ప చెప్పుకోకపోతే పాపం ఆయనకి తిన్నది అరిగేది కాదు.

ఆ గొప్పలు విని రంగి అనే తొండ వచ్చింది.

"మావయ్యా, బయటంతా వాన. నా గుడ్లు నీ పడకలో పెట్టుకోనా? పిల్లలయ్యేదాకా చూసుకుంటావా?" అని అడిగింది.

"నా పడకలో కాకపోతే ఇంకెక్కడ పెడతావే పిచ్చిదానా. బెంగపడకు," అన్నాడు డిప్పయ్య.

రంగి ఒక మూలన గుడ్లు పెట్టింది. రోజూ సాయంత్రం వచ్చి చూసుకుని వెళ్ళేది.

డిప్పయ్యకి ఒక పాడలవాటుంది. పడుకునే నేరేడు పండ్లు తినేవాడు. గింజలూ తొక్కలూ ఆకుల కిందికి తోసేసేవాడు. లేచి పారేయడానికి బద్ధకం. తాబేలు కదా, గుమ్మం దాకా వెళ్ళిరావడానికే ఒక పూట పడుతుంది.

ఒకరోజు పొద్దున్నే మెడ కింద దురద పుట్టింది. ఆకు ఎత్తి చూస్తే సన్నటి పురుగులు లుకలుకలాడుతున్నాయి.

"నలుగురికీ తెలిస్తే నా పరువేం కాను?" అనుకున్నాడు డిప్పయ్య.

పాత ఆకులు బయట పారేస్తే అందరూ చూస్తారు. అందుకని వాటిమీదే కొత్త ఆకులు పరిచేశాడు. పురుగులకి దుప్పటి కప్పినట్టయింది.

"మావయ్యా, ఇక్కడేదో కదిలిందే?" అంది రంగి ఆ సాయంత్రం.

"గాలికి ఆకు కదిలిందిలే," అన్నాడు.

మర్నాడు వేపాకు తెచ్చి పైన పరిచాడు. పురుగులు ఇంకా అడుక్కి దిగాయి.

"ఈ వాసనేంటి మావయ్యా?"

"ఒంటికి మంచిదమ్మా," అన్నాడు గోక్కుంటూ.

ఆఖరికి పురుగులు మునిగి చస్తాయని నీళ్ళు చల్లాడు. ఆకులు కుళ్ళి, పురుగులు రెట్టింపయ్యాయి. వాటికోసం ఎర్రచీమలు బారులు కట్టి వచ్చాయి. అవి నేరుగా గుడ్ల మీదికి పాకాయి.

అరిస్తే పరువు పోతుంది. అరవకపోతే గుడ్లు పోతాయి. పరువు మళ్ళీ ఎప్పుడైనా తెచ్చుకోవచ్చు, రంగి పిల్లల్ని ఎక్కడినుంచి తెస్తాం?

"రండర్రా, నా పడక నిండా పురుగులు. గుడ్లకి చీమలు పట్టాయి," అని గొంతు పోయేలా అరిచాడు.

రంగి పరుగెత్తుకొచ్చి గుడ్ల మీది చీమల్ని టపటపా నాలుకతో ఏరి మింగేసింది. వెనకాలే అడవికోడి చుక్కమ్మ వచ్చింది. డిప్పయ్య నోటితో పాత ఆకులన్నీ అందరిముందే బయటికి లాగాడు. చుక్కమ్మ నేలంతా గీరి పురుగుల్ని పొడుచుకు తింది. రంగి గుడ్లని పొడిమట్టిలో కప్పిపెట్టింది. అన్నీ క్షేమంగానే ఉన్నాయి.

డిప్పయ్య మాత్రం సిగ్గుతో తల డిప్పలోకి లాక్కున్నాడు.

"తల బయట పెట్టవోయ్," అంది చుక్కమ్మ. "నా గూట్లోనూ పేలు పడతాయి. గడ్డి తీసి పారేసి మళ్ళీ పరుచుకుంటాను. అదేమన్నా దొంగతనమా?"

రంగికి మాత్రం ఒళ్ళు మండిపోయింది.

"గాలికి కదిలిన ఆకన్నావే మావయ్యా. నేను తొండని. పురుగులే నాకు తిండి. ఆ రోజే చెప్పుంటే ఆ రోజే తినేసేదాన్ని కదా," అంది.

డిప్పయ్య ఆ పూట నుంచి పండ్లు గుమ్మం బయటే తిన్నాడు. పడక ఎప్పటికప్పుడు మార్చి, నేలకి ఎండ తగలనిచ్చాడు.

కొన్నాళ్ళకి గుడ్లు పగిలి బుల్లి తొండలు బయటికొచ్చాయి. పడకంతా వెతికి వెతికి మొహాలు వేలాడేశాయి.

"తాతా, ఆకలేస్తోంది. నీ ఇంట్లో ఒక్క పురుగైనా లేదా?" అని అడిగాయి.

నీతి: ఇంట్లో పట్టిన పురుగుని దాచిపెడితే పెరుగుతుంది. నోరు విప్పి చెబితే, దాన్ని వదిలించేవాళ్ళు పక్కనే ఉంటారు.