గవర్రాజు విమానానికి చోటు

సన్యాసిరావు మాస్టారిని ఏదైనా అడగదలచుకున్నవాడు ముందు చెప్పులు వేసుకోవాలి. ఆయన జవాబు చెప్పరు, "పద" అంటారు. బడిలో చేతిపనులు నేర్పి రిటైరైన మాస్టారు ఇప్పుడు థర్మోకోల్‌తో బొమ్మ విమానాలు చేయడం, వాటిని రిమోట్‌తో ఎగరెయ్యడం నేర్పుతున్నారు. శిష్యుడు ఒక్కడే. ఇంకొకడు ఉండేవాడు గానీ, వాడికి పెళ్ళయింది.

ఆ ఒక్కడూ జెరాక్సు షాపు గవర్రాజు. వేసవంతా కూర్చుని మూడు మూరల రెక్కలతో ఒక విమానం తయారుచేశాడు. ఆదివారం జిల్లా పోటీ. విమానం మాత్రం ఇంతవరకు షాపు బల్ల దిగలేదు.

ఎగరెయ్యడానికి చోటు కోసం ఊరంతా తిరిగాడు. హెడ్మాస్టరు గారు బడి ఆటస్థలంలో ఆటలు నిషేధమన్నారు. సర్పంచ్ గారు సరేనన్నారు గానీ ముందు తన ఉపన్యాసం, ఆ తర్వాతే విమానం అన్నారు. ఉపన్యాసం పూర్తయ్యేలోపు పోటీ అయిపోతుందని గవర్రాజే లేచి వచ్చేశాడు. రైసు మిల్లు సత్తిబాబు తాను డాబా మీద ఒంటికి నూనె రాసుకుని కూర్చున్నప్పుడు పైనుంచి ఫోటోలు తీస్తారని భయపడ్డాడు. ఆ ఫోటోలు ఎవరికి కావాలో మాత్రం చెప్పలేదు. విమానానికి కెమెరా లేదని గవర్రాజు ఒట్టేశాడు. లేకపోతే ఒట్టెందుకని ఊరికి అనుమానం వచ్చింది. ఇలాంటివి ఎయిర్‌పోర్టుకి దూరంగా ఎగరెయ్యాలట. మా ఊరు బస్టాండుకే దూరం కాబట్టి ఆ ఒక్క ఇబ్బందీ లేదు.

చివరికి సూరీడమ్మ దగ్గరికి వెళ్ళాడు. వేరుశనగ పీకేశాక ఆవిడ చేను ఖాళీగా ఉంది. గవర్రాజు అరుగు మీద కూర్చుని తన విమానం ఎంత ఎత్తుకు వెళ్తుందో, ఎంత గాలికి తట్టుకుంటుందో, చచ్చినా ఎందుకు పడదో వివరంగా చెప్పాడు. ఆవిడ అంతా విని "కుదరదు నాయనా" అంది.

అప్పుడొచ్చి మాస్టారిని అడిగాడు.

"ఇంత ఆకాశం ఉంది గదా మాస్టారూ, నా ఒక్క విమానానికి చోటెందుకు లేదు?"

"పద," అన్నారు మాస్టారు.

విమానాన్ని చంకలో పెట్టుకుని నేరుగా సూరీడమ్మ ఇంటికి వెళ్ళారు. ఆవిడ కాయలు చెరుగుతోంది.

"సూరీడమ్మా, ఇది పడిపోతుంది. ఎక్కడ పడితే నీకు నష్టం లేదో చూపించు."

గవర్రాజు మొహం మాడిపోయింది. సూరీడమ్మ మాత్రం చేట పక్కన పెట్టి లేచింది. చేలోకి తీసుకెళ్ళి చెయ్యి చాపింది.

"అదిగో, ఆ వంగనారు మీద పడకూడదు. గేదె దగ్గర అసలే వద్దు, అది చూడితో ఉంది. గడ్డిమేటు మీద పడితే మీరెక్కకండి, నన్ను పిలవండి. ఈ గట్టు నుంచి ఆ తాటిచెట్టు దాకా ఎక్కడ పడినా నాకేం ఫర్వాలేదు." కాసేపు విమానం వంక చూసి, "గట్టిగా పడుతుందా మాస్టారూ? పోనీ రెండు మోపుల గడ్డి పరుస్తాను," అంది.

ఈ కబురు ఊళ్ళో ఎలా పాకిందో నాకు తెలియదు. నేను చెప్పింది నలుగురికే. సాయంత్రానికి అందరూ విమానం పడడం చూడ్డానికి వచ్చేశారు. హెడ్మాస్టరు గారు కుర్చీ తెచ్చుకున్నారు. సత్తిబాబు చొక్కా వేసుకుని వచ్చాడు.

విమానం లేచింది. తాటిచెట్టు చుట్టూ తిరిగి వచ్చింది, మళ్ళీ తిరిగింది. ఎంతసేపటికీ పడలేదు. జనం విసుక్కోవడం మొదలుపెట్టారు.

"పడుతుందన్నారు గదా మాస్టారూ!" అని సూరీడమ్మ నిలదీసింది.

ఆ మాటకి గవర్రాజు ఛాతీ పొంగింది. మా అందరి మొహాలూ ఒకసారి చూసుకుందామని వెనక్కి తిరిగాడు. అంతే, విమానం ముక్కు వంచి సూరీడమ్మ పరిచిన గడ్డిలో కూలబడింది. ఊరంతా చప్పట్లు కొట్టింది. సర్పంచ్ గారైతే అభినందిస్తూ నాలుగు మాటలు చెబుదామని లేచారు గానీ, జనం అప్పటికే కదిలిపోయారు.

సూరీడమ్మ తనే వెళ్ళి విమానాన్ని ఎత్తి, గడ్డి దులిపి, గవర్రాజు చేతికిచ్చింది.

"రేపూ రా నాయనా. ఆదివారం దాకా గడ్డి తియ్యనులే."

దారి పొడుగునా గవర్రాజు విమానం ముక్కు తడిమి చూసుకుంటూ నడిచాడు. మాస్టారి గుమ్మం దగ్గర ఇక ఆపుకోలేకపోయాడు.

"చోటు దొరికింది, సరే. కానీ పడిపోతుందని మీరే చెబితే ఎలా మాస్టారూ? నా చేతి మీద మీకే నమ్మకం లేదా?"

మాస్టారు చెప్పులు విడిచారు.

"నువ్వు అందర్నీ ఆకాశం అడిగావురా," అన్నారు. "వాళ్ళ దగ్గర ఉన్నది నేల."