కన్నం లేని కప్పు

తవిటమ్మకి ముప్పై తొమ్మిదేళ్ళు. పొద్దున్నే లేవగానే గోడకి అరచెయ్యి ఆనించి చెమ్మ చూసుకోవడం ఆమె అలవాటు. ఆ పెంకుటింట్లో ఇంకెవరికీ గోడతో పనిలేదు. మొగుడు సూరపనాయుడికీ, మరుదులు గవరయ్యకీ పోలినాయుడికీ తమ తెలివిని పొగుడుకోవడంతోనే పొద్దు సరిపోయేది. మా ముగ్గురి బుర్రలూ కలిపితే జిల్లా మొత్తానికి చాలుతాయని అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళకి చెప్పేవాళ్ళు. పదిహేడేళ్ళుగా వానలకి ముందు కప్పెక్కి పెంకులు సర్దేది మాత్రం బుర్రలేని తవిటమ్మే.

ఈ ఏడు ఆమె కాలు విరిగి, పిండికట్టుతో మంచాన పడింది. గదిలో ఆమె చేతి కుట్టుమిషను, దాని పక్కన సోమవారానికి బడికి కుట్టివ్వాల్సిన నలభై యూనిఫారాల గుడ్డ. అవి పాడైతే బడివాళ్ళు మళ్ళీ ఆమె గుమ్మం తొక్కరు. బయట చూస్తే మబ్బు నల్లగా కమ్ముకొస్తోంది.

"ఏమండీ, కప్పు ఎక్కడ కారుతుందో కాస్త చూడండి," అంది.

"వాన లేందే ఎలా చూస్తామే?" అన్నాడు సూరపనాయుడు.

"వాన లేకపోతే మనం లేమా అన్నయ్యా," అన్నాడు గవరయ్య.

ఇంకేముంది, నిచ్చెన వేశారు. నూతిలోంచి తోడితోడి ఇరవై బిందెలు కప్పు మీద కుమ్మరించారు. లోపల మూడుచోట్ల ధార కట్టింది. ముగ్గురూ దిగొచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని తృప్తిగా చూశారు.

"చూశాం వదినా. బ్రహ్మాండంగా కారుతోంది."

తవిటమ్మ పళ్ళు బిగబట్టి, "ఆ పెంకులకి గుర్తు పెట్టండి," అంది.

సుద్దతో పెడితే తడికి చెరిగిపోయింది. పోలినాయుడు ఆలోచించాడు. అతను ఆలోచించాడంటే ఇంట్లో ఏదో ఒకటి విరుగుతుంది. సుత్తి పట్టుకెళ్ళి మూడు పెంకులూ పగలగొట్టి వచ్చాడు.

"ఇక చెరగవు వదినా. చీకట్లో తడిమినా దొరుకుతాయి."

అంతలో పెద్ద జల్లు మొదలైంది.

"కింద బకెట్లు పెట్టండి. నిండగానే పారబొయ్యండి."

పెట్టారు. నిండాయి. అక్కడికక్కడే గదిలో పారబోశారు.

"బయట నాయనా, బయట."

"ఆ మాట ముందు చెప్పాలి కదా. ఆడదానికి ఒక పని పూర్తిగా చెప్పడం రాదురా," అన్నాడు సూరపనాయుడు తమ్ముళ్ళతో.

నీళ్ళు మిషను దాకా పాకాయి.

"ముందు దాన్ని ఎత్తు మీద పెట్టండి."

అంతే, ముగ్గురూ మిషనుని మోసుకుపోయి ఇంటి కప్పు మీద, నడినెత్తిన కూర్చోబెట్టారు. "ఊళ్ళో ఇంతకన్నా ఎత్తు లేదు. కింది నీళ్ళకి ఇక అందదు," అని గవరయ్య పైనుంచి కేకేశాడు.

తిట్టి దింపించింది. అదృష్టం కొద్దీ జల్లు ఆగింది. ఈసారి తవిటమ్మ ఒక్కో మాటా తూచి, పలక మీద అక్షరాలు దిద్దించినట్టు చెప్పింది. "మిషను దాని చోట పెట్టండి. ఇంకేదీ ముట్టుకోకండి. కప్పుకి ఒక్క కన్నం కూడా లేకుండా చెయ్యండి. అంతే."

మగాళ్ళు ముగ్గురూ అరుగు మీద గుసగుసలాడుకున్నారు. కాసేపటికి పైన పెంకుల చప్పుడు. పదిహేడేళ్ళలో మొదటిసారి ఆ చప్పుడు తను చెయ్యకుండా వింటోంది. హాయిగా కళ్ళు మూసుకుంది.

తెరిచేసరికి గదిలో వెలుతురు ఎక్కువైంది. తలెత్తితే వాసాల మధ్య మబ్బులే మబ్బులు. పెంకులన్నీ పెరట్లో వరసగా పేర్చి ఉన్నాయి.

"వెతుక్కో వదినా. ఒక్క కన్నం కనిపిస్తే మమ్మల్ని అడుగు," అన్నాడు పోలినాయుడు.

కుండపోతగా వాన దిగింది. తవిటమ్మ పిండికట్టు ఈడ్చుకుంటూ మిషనునీ గుడ్డనీ మంచం మీదికి లాగి, మంచం కింద ఉన్న టార్పాలిన్ కప్పి, అంచులు ఎగరకుండా వాటిని కౌగిలించుకుని పడుకుంది. సూరపనాయుడు నెత్తిమీంచి నీళ్ళు కారుతుండగా ఆమె ముందు నిలబడి చెయ్యి చాచి చూపించాడు.

"చూడవే, ఎక్కడైనా కప్పు కారుతోందా? వాన పడుతోంది, అంతే."

యూనిఫారాలు తవిటమ్మ బడి వరండాలో కూర్చుని కుట్టి, సోమవారం ఇచ్చేసింది. కాలు నయమయ్యాక వీధి చివర డాబా గది అద్దెకి తీసుకుని మిషనుతో సహా మారిపోయింది. ఆ పెంకుటింటి కప్పు మళ్ళీ ఎక్కలేదు.