పెట్టె మూసి పాడిన పాట

కాత్యాయనికి ఓపిక నశించింది.

పదో తరగతిలో లెక్కల బదులు సంగీతం తీసుకున్న పిల్లలు ఆ స్కూల్లో ఆరుగురే. ప్రాక్టికల్ పరీక్షలో ఒక్కరూ పాడొచ్చు, జంటగానూ పాడొచ్చు. జంటగా పాడితే మార్కులు ఇద్దరికీ ఒకటే. కాత్యాయనికి జంట మేరీ సుగుణ.

"నేను ఒక్కదాన్నే పాడతాను టీచర్. మధ్యాహ్నం బెల్లులో ఇద్దరం పాడుకుంటుంటే, చరణం వచ్చేసరికి సుగుణ శ్రుతి తప్పుతోంది. దానివల్ల నా మార్కులు పోతాయి," అంది, సుగుణ పక్కనే ఉండగా. గొంతు బాగున్నవాళ్ళలో కొందరికి నోటికి అడ్డూ ఆపూ ఉండదు.

సుగుణ తల వంచుకుంది. ఒంటరిగా పాడాలంటే ఆ పిల్లకి గొంతు పెగలదు. జంట పోతే పరీక్ష పోయినట్టే.

సంగీతం టీచరు పద్మాసని గారు కోప్పడలేదు. "అలాగేలే. పాడి వినిపించు," అని శ్రుతిపెట్టె ముందుకు జరిపారు. "శ్రుతి నువ్వే పెట్టుకో."

కాత్యాయని తనకు నచ్చిన శ్రుతి పెట్టుకుని, 'స' అంటూ షడ్జం పట్టింది. టీచరు పెట్టె మూసేశారు.

"మధ్యాహ్నం మీకు పెట్టె ఉండదుగా. ఇప్పుడూ వద్దు. సుగుణా, నువ్వు ఇదే షడ్జం మనసులో పట్టుకుని కూర్చో."

కాత్యాయని పాడింది. ఎంత బాగా పాడిందంటే, పక్కగదిలో సైన్సు పాఠం కాసేపు ఆగింది. చివర షడ్జం మీద నిలిచి, టీచరు ముఖంలోకి గర్వంగా చూసింది.

"ఆపకు. సుగుణా, నువ్వూ పట్టు."

సుగుణ పట్టింది. రెండు గొంతులూ ఒకదాన్నొకటి ఒరుసుకున్నాయి. వింటున్న పిల్లలు చెవులు మూసుకున్నారు.

"చూశారా టీచర్, అదెక్కడుందో!" అంది కాత్యాయని.

సుగుణ ఇంకా షడ్జం పట్టుకునే ఉండగా, పద్మాసని గారు పెట్టె తెరిచారు.

పెట్టె సుగుణతో కలిసింది. ఏది పెట్టె, ఏది గొంతు అన్నది తెలియలేదు.

కాత్యాయని పెట్టె వైపు తిరిగింది. "పెట్టె..." అని మొదలుపెట్టి ఆగిపోయింది. శ్రుతి పెట్టింది తనే. ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. తను శ్రుతి దాటి పైకి పోతూ, ఇన్నాళ్ళూ కదలకుండా ఉన్నదాన్ని తప్పుపట్టింది.

"ఎక్కడ జారాను టీచర్?" అని అడిగింది.

"జారేటప్పుడు తెలిస్తే జారవు తల్లీ," అన్నారు పద్మాసని గారు.

బెల్లు కొట్టారు. టీచరు పెట్టె మూసి, చంకన పెట్టుకుని వెళ్ళిపోయారు. మిగతా పిల్లలూ లేచారు. కాత్యాయని లేవలేదు. చాప మీద జరిగి జరిగి సుగుణ పక్కకు వచ్చింది.

"నువ్వు పట్టు," అంది మెల్లగా.

సుగుణ షడ్జం పట్టింది. కాత్యాయని కళ్ళు మూసుకుని, నోరు తెరవకుండా, అది వింటూ కూర్చుంది.