దళవాయి చెయ్యి

వేగులపాడు సంస్థానాన్ని ఏలిన నరసింగ భూపతికి ఒకనాటి పొద్దున్నే ఓ కోరిక పుట్టింది. ముందురోజు దున్నపోతు సభలోకి జొరబడినప్పుడు ఎవరెవరు ఏం చేశారో, ఎందుకు చేశారో నిండు సభలో చెప్పాలన్నాడు. అందరికంటే మెప్పించినవాడికి తన చేతి బంగారు కడియం. కారణం చెప్పలేనివాడు పొద్దుగూకేలోగా పెళ్ళాంబిడ్డలతో ఊరు విడిచిపోవాలి.

ముందు దున్నపోతు సంగతి చెప్పాలి. ఎవరో సామంతుడు కానుకగా పంపిన అడవి దున్న అది. ముస్తాబు చేసినవాళ్ళు దాని మెడలో వేసిన పూలదండ కాస్తా జారి, అందులో ఓ పువ్వు ముక్కులో దూరింది. అది తుమ్మింది. పలుపు తెంపుకుంది. సభామండపం గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

ఆ సభలో ఎవరూ రాజుగారికి వీపు చూపకూడదన్నది తాతల నాటి ఆచారం. పారిపోవాలన్నా సరే, ముఖం ఆయనవైపే ఉండాలి. అందుకని సభికులంతా చేతులు కట్టుకుని, గబగబా వెనకడుగులు వేస్తూ, గుమ్మంలో ఉన్న దున్న మీదికే పోయారు. వీపులతో దండెత్తి వచ్చే జనాన్ని అది అడవిలో ఎన్నడూ చూసి ఉండదు. హడలిపోయి, వాళ్ళను చీల్చుకుని ముందుకు దూకింది. ముందున్నది సింహాసనం.

ఇలాంటప్పుడు మనిషి ఏం చేస్తాడో చెప్పడం కష్టం. మా కాలేజీలో ఒకసారి పరీక్ష హాల్లోకి తేనెటీగలు వచ్చాయి. లెక్కల లెక్చరరుగారు బల్లకింద దూరి, అక్కడినుంచే "ఎవరూ కాపీ కొట్టకండి" అని అరిచారు. హాల్లో ఆయన తప్ప ఎవరూ లేరు. సరే, దున్న దగ్గరికి వద్దాం.

రాజుగారికి తాంబూలం అందించే పేరయ్య అని ఒకడున్నాడు. వాడు రాజుగారి కాలు పట్టుకుని ఒక్క లాగు లాగాడు. ఆయన జారిపడి, కిరీటం ఒకవైపు తాను ఒకవైపు సింహాసనం కిందికి చేరారు. దున్న కొమ్ము సింహాసనం మీది దిండులో దిగబడింది. ఆ దిండు తగిలించుకునే అది తోటలోకి వెళ్ళిపోయింది.

ఇక సభలో ఒక్కొక్కరూ లేచి చెప్పుకున్నారు. స్తంభాన్ని కావలించుకున్న పురోహితుడు, వాస్తుప్రకారం దాని బలం పరీక్షించానన్నాడు. గంగాళంలో దూరిన కోశాధికారి, రాజుగారి సొత్తుకు కాపలా కాశానన్నాడు. తెర పట్టుకుని దూలం దాకా పాకిన, సేనలకు పెద్దయిన దళవాయి భీమరసు మీసం దువ్వుకుని, శత్రువు బలాన్ని పైనుంచి అంచనా వేశానన్నాడు. రాజుగారు మెచ్చుకోలుగా తలూపారు.

పేరయ్య వంతు వచ్చింది.

"తెలీదు ప్రభూ. చెయ్యి ముందు పోయింది. అది తమరి కాలని నేను తర్వాత చూసుకున్నాను."

పేరయ్య ఉద్యోగంలో తన బావమరిదిని పెట్టించాలని దళవాయి ఎన్నాళ్ళనుంచో కాచుకుని ఉన్నాడు. కారణం లేకుండా రాజు కాలు లాగిన చెయ్యి, రేపు కారణం లేకుండానే రాజు గొంతు మీదికి పోదని నమ్మకమేమిటి అన్నాడు. రాజుగారు ఉలిక్కిపడి గొంతు తడుముకున్నారు. మాట మాటే గనక పేరయ్య పొద్దుగూకేలోగా వెళ్ళిపోవాలన్నారు.

ఇంట్లో పేరయ్య భార్య నిండు చూలాలు. ఊరు దాటితే అడవి.

పేరయ్య దణ్ణం పెట్టి దళవాయి వైపు తిరిగాడు.

"బాబుగారూ, తమరి చెయ్యి ఎప్పుడూ తమరిని అడక్కుండా కదల్లేదా?"

"నీ చెయ్యీ నా చెయ్యీ ఒకటేరా పేరిగా? ఇది కత్తి పట్టిన చెయ్యి. నేను ఆలోచించి, ఆజ్ఞ ఇస్తేనే కదులుతుంది. లేకపోతే పిడుగు పడ్డా కదలదు."

చూపించడానికి కత్తి దూసి, చెయ్యి చాచి నిలబడ్డాడు. నిజంగానే ఆ కత్తి ఇసుమంతైనా వణకలేదు. సభంతా ఆహా అంది.

వెళ్ళిపోయేవాణ్ణి గనక తమలపాకుల పెట్టె ఒప్పజెప్పి పోతానని పేరయ్య మనవి చేశాడు. దళవాయికే ఇచ్చి పొమ్మన్నారు రాజుగారు.

పేరయ్య పెట్టెను దళవాయి ముక్కు మీదికి విసిరాడు.

బరువైన వెండి పెట్టె గాలిలో పల్టీలు కొడుతూ వచ్చింది. ఖణేలుమని కత్తి బండల మీద పడింది. చూస్తే దళవాయి కళ్ళు గట్టిగా మూసుకుని, రెండు చేతులా పెట్టెను పసిబిడ్డలా గుండెకు హత్తుకుని ఉన్నాడు.

పేరయ్య మెల్లిగా అడిగాడు.

"కత్తి ఎందుకు వదిలేశారు బాబూ?"

దళవాయి కళ్ళు తెరిచాడు. కింద కత్తిని చూశాడు, చేతుల్లో పెట్టెను చూశాడు. తెర ఎక్కినందుకు కారణం కూర్చుకోవడానికి ఆయనకు ఒక రాత్రి దొరికింది. ఇప్పుడు రెప్పపాటు కూడా దొరకలేదు.

"ఏమో... తెలీదు," అన్నాడు.

"నాకూ అంతే బాబూ. కాకపోతే నా చేతికి ఏలినవారు దొరికారు, తమరి చేతికి ఆకుల పెట్టె దొరికింది."

ముందు పకపకా నవ్వింది రాజుగారే. తర్వాత సభంతా నవ్వింది. కారణం చెప్పలేకపోయిన ఇద్దరినీ వెళ్ళగొట్టాలా, ఇద్దరినీ ఉంచాలా అని కాసేపు ఆలోచించి, ఇద్దరూ ఉండండి అన్నారు. కడియం తీసి పేరయ్య చేతికి తొడిగారు. భార్య పురుడు పోసుకునేదాకా ఇంటి దగ్గరే ఉండమని సెలవిచ్చారు.

నవ్వీ నవ్వీ రాజుగారికి నోరెండింది. అలవాటుగా అరచెయ్యి పక్కకు చాచారు.

పెట్టె ఇంకా దళవాయి దగ్గరే ఉంది. ఆయన ఆలోచించనూ లేదు, ఆజ్ఞ ఇవ్వనూ లేదు. ఆయన చెయ్యి తనంతట తానే మూత తీసి, ఆకుకు సున్నం రాయడం మొదలుపెట్టింది.