గొడ్డలి ముట్టని చేతులు

చేతులు చూపించకు. నీ చేతికి మట్టి అంటలేదని నాకు తెలుసు. ఒక మాట గాలికి వదిలి, పక్కవాడి చేత పాపం చేయించి, తాను శుద్ధంగా కూర్చునేవాడు నరికినవాడి కంటే నీచుడు. నువ్వు అలాంటివాడివైతే ఇది నీ కోసమే. కదలకుండా విను.

తూర్పు కొండల అడవిలో ఒక బౌద్ధ విహారం ఉండేది. దానికి పెద్ద ఇందవంశ థేరుడు. ఆయన శిష్యుడు విమలతిస్సుడు. వైశాఖ పున్నమికి బళ్ళ మీద జనం రావాలని, విహారం పేరు ఊరూరా మోగాలని ఆ శిష్యుడి ఆశ. అడ్డంగా ఉన్నది అడవి ఒక్కటే.

భిక్షువు చెట్టు కొట్టకూడదు. కొట్టమని చెప్పనూ కూడదు. అందుకని విమలతిస్సుడు, రోజూ భిక్ష తెచ్చే లాసెంగ్ చెవిన పడేలా, "ఇక్కడ ఒక దారి ఉంటే ఎంత బాగుండేది!" అన్నాడు.

అంతే. లాసెంగ్ మనుషుల్ని తెచ్చాడు. అడవి రెండు ముక్కలైంది. బళ్ళు వచ్చాయి. బళ్ళ వెంట కుక్కలు వచ్చాయి.

ఆ అడవిలో గిబ్బన్లు ఉండేవి. తోకలేని కోతులు. పొడుగాటి చేతులతో కొమ్మ నుంచి కొమ్మకు ఊగుతూ, చెట్ల మీదే పుట్టి చెట్ల మీదే చచ్చే జీవాలు. నేల దిగడానికి వాటికి ప్రాణభయం. ఒక జంట, దాని పిల్ల దారికి ఇవతల చిక్కిపోయాయి. పండిన మేడిచెట్లన్నీ అవతల ఉండిపోయాయి. ఆకులు నమిలి నమిలి తల్లి ఎండిపోయింది. పాలు చాలక పిల్ల ఏడుస్తూ ఉండేది.

ఇందవంశుడు దాన్ని చూపించి అడిగాడు. "తిస్సా, ఇది ఎవరి పని?"

"నా శీలానికి మచ్చ లేదు భంతే. నేను గొడ్డలి ముట్టలేదు. కొట్టమని ఎవరికీ చెప్పలేదు."



మర్నాడు లాసెంగ్ పాత్రల్లో అన్నం పెడుతుంటే, గురువు దారి అవతలికి చూస్తూ, "తిస్సుడి పాత్ర ఆ మేడికొమ్మకు వేలాడితే ఎంత బాగుండేది!" అన్నాడు.

విమలతిస్సుడు కాళ్ళు కడుక్కుని వచ్చేసరికి పాత్ర లేదు.

"నా పాత్ర ఎవరు తీశారు?"

"నేను ముట్టలేదు," అన్నాడు గురువు.

లాసెంగ్ బుర్ర గోక్కున్నాడు. "నామీద కోప్పడకండి స్వామీ. మొన్న దారి ఉంటే బాగుండేదన్నారు, వేశాను. ఇవాళ పాత్ర అక్కడుంటే బాగుండేదన్నారు, పెట్టాను. రేపు ఏది బాగుంటుందో ఇవాళే చెప్పేస్తే పొద్దున్నే లేస్తాను."

విమలతిస్సుడు విసురుగా దారి అంచుకు నడిచాడు. గురువు తన చేతికర్ర అడ్డం పెట్టాడు.

"వెళ్ళు. నేల మీద కాలు పెట్టకుండా వెళ్ళు."

"అదెలా కుదురుతుంది భంతే?"

గురువు కర్ర ఎత్తి పైకి చూపించాడు. తలమీద చివరి కొమ్మన తల్లి గిబ్బన్, పొట్టకు పిల్లను కరుచుకుని, ఆ మేడిచెట్టు వంకే చూస్తోంది.

విమలతిస్సుడు గురువు మాట జవదాటలేడు. అక్కడే కూలబడ్డాడు. ఎండ నడినెత్తికి వచ్చింది. మధ్యాహ్నం దాటితే భిక్షువుకు తిండి లేదు. ఆకలితో, కోపంతో అతను అరిచాడు.

"ఇది అన్యాయం! ఎవడో తెలివితక్కువ మాట అంటే నా కడుపు మాడాలా?"

ఆ మాట తన చెవినే పడింది. తల వంచుకున్నాడు. గురువు కర్ర తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమే విమలతిస్సుడు లాసెంగ్ దగ్గరికి పరుగెత్తాడు. "ఈసారి తిన్నగా చెబుతున్నాను. ఈ కొమ్మ నుంచి ఆ కొమ్మకు తాళ్ళు కట్టు."

తాళ్ళు పేనారు. కట్టడానికి తెల్లవారి వెళ్ళారు. ఆకలికి తాళలేక తల్లి అప్పటికే నేల దిగింది. కుక్కలు దాన్ని సగం దారి కూడా దాటనివ్వలేదు. పిల్ల తల్లి రొమ్మును వదల్లేదు. కుక్కలు దాన్నీ వదల్లేదు. మగది కొన్నాళ్ళు ఆ కొమ్మనే కూర్చుంది. తరవాత కనపడలేదు.

విమలతిస్సుడు దారి మూయించాడు. దారి వేసినందుకు పొగిడిన జనమే తిట్టిపోశారు. అక్కడ మళ్ళీ చెట్లు పెంచాలనుకున్నాడు. కాని భిక్షువు నేల తవ్వకూడదు.

"నేను నాటుతాను. ఒక్క మాట అనండి చాలు," అన్నాడు లాసెంగ్.

"అనను."

కాషాయం విప్పి గురువు పాదాల దగ్గర పెట్టాడు. పార పట్టుకున్నాడు.

బతుకంతా ఆ దారిలోనే గడిచింది. గురువు పోయాడు. అతను ముసలివాడయ్యాడు, చూపు పోయింది. ఒక రోజు లాసెంగ్, తానూ ముసలివాడై, అతని భుజం తట్టి చెప్పాడు.

"కొమ్మలు కలిశాయి."

"పైన ఎవరైనా ఉన్నారా?"

లాసెంగ్ చాలాసేపు పైకి చూశాడు. ఆకులు తప్ప ఏమీ కదల్లేదు.