ఎవరితోనూ అనకు, సింగరయ్యా

మా ముమ్మడిరాజుగారికి తలంటు మధ్యలో కోపం వచ్చింది. దానికి కారణం నేనే.

నేను కోట గుమ్మం దగ్గర దర్శనం చీటీలు రాసే సింగరయ్యని. రాజుగారిని చూడాలని వచ్చినవాళ్లు ఏ గడియకి లోపలికి వెళ్లాలో తాటాకు మీద రాసిస్తాను, నా పుస్తకంలో ఎక్కించుకుంటాను. రాజుగారు ఏ గడియకి ఏం చేస్తారో లోపల నాగప్ప ఇంకో పుస్తకంలో రాస్తాడు. అతని పుస్తకం నేను చూడను, నా పుస్తకం అతను చూడడు.

ఆ రోజు మూడో గడియకి నాగప్ప 'తలంటు' అని రాశాడు. నేను 'గొర్రెల తగాదా, పన్నెండు మంది' అని రాశాను. పన్నెండు మందీ సాక్ష్యానికి రెండు పొట్టేళ్లని కూడా తోలుకుని సరాసరి స్నానాల గదికి వెళ్లారు.

నాగప్ప చెప్పలేదా అంటే, చెబుతాడు. రోజూ పొద్దున్నే గుమ్మం దాకా వచ్చి గట్టిగా చదువుతాడు. "స్నానం, పూజ, భోజనం, నిద్ర." అందులో వినడానికేముంది? వంటసాల గంగరాజు అల్లుడు విస్తరి ముందు నుంచి ఎందుకు లేచిపోయాడో అడగండి, ఏ కూర దగ్గర లేచాడో కూడా చెబుతాను.

రాజుగారు ఒంటినిండా నూనెతోనే కొలువుకొచ్చారు.

"ఆ రెండు పుస్తకాలూ ఒక్కటిగా నడవాలి! నడిపించినవాళ్లకి నా చేతి కడియం ఇస్తాను. మూడు రోజుల్లో నడవకపోతే ఈ సింగరయ్యని నక్కగుట్ట మీదికి కాపలాకి పంపిస్తాను."

నక్కగుట్ట మీద ఒక బండ, ఒక జెండా ఉంటాయి. పలకరించడానికి మనిషి ఉండడు. జెండాతో ఎంతసేపని మాట్లాడను?

దివాను ఎర్రామాత్యులు లేచారు. ఆయన కంటే ముందు ఆయన మీసం లేస్తుంది.

"ఇదెంత పని ప్రభూ! నాగప్ప ఏది రాసినా నకలు తీయిస్తాను. నేను చదివి, ముద్ర వేసి, గుర్రం మీద గుమ్మానికి పంపిస్తాను."

మర్నాడు నాగప్ప రాసింది దివానుగారికి చేరింది. ఆయన అక్షరాలు దిద్దారు. లక్క కరగలేదు. కరిగాక ముద్ర ఉంగరం కనపడలేదు. 'రాజుగారు రెండో గడియకి భోజనం చేస్తారు' అన్న చీటీ నా చేతికి వచ్చేసరికి రాజుగారు చేయి కడుక్కుని తాంబూలం కూడా వేసుకున్నారు. ఆ భోజనం మధ్యలోకి నేను పంపిన సాలెవాళ్లు వెళ్లారు. వాళ్లని చూసి రాజుగారు పెరుగన్నం వదిలేశారట.

"ఇంకొక్క రోజే!" అని కేక గుమ్మం దాకా వినిపించింది. నేను ఇంటికెళ్లి కంబళి మడత పెట్టుకున్నాను. గుట్ట మీద చలి ఎక్కువంటారు.

అప్పుడు రాజుగారికి తాంబూలం అందించే పెదకోటమ్మ అందట.

"రేపటి రోజు నాకివ్వండి ప్రభూ. గుర్రం వద్దు, చీటీ వద్దు, ముద్ర అసలే వద్దు."

మర్నాడు పొద్దున్నే లోపల పూలు కట్టే మంగమ్మ బుట్టతో వచ్చి నా చెవి దగ్గర వంగింది.

"సింగరయ్య బావా, ఎవరితోనూ అనకు. మూడో గడియకి రాజుగారు తలుపులేసుకుని మీసానికి రంగు వేయించుకుంటున్నారు."

"అయ్యో, నేనెందుకంటానే!" అన్నాను. అలాంటి గడియకి ఎవరిని పంపిస్తాను? పుస్తకంలో ఖాళీగా వదిలేశాను. ఊరికే పంపడం మర్యాద కాదని మంగమ్మకి నేనూ ఒకటి చెప్పాను.

"అయిదో గడియకి గాజులవాళ్లు వస్తున్నారు. దివానుగారి బావమరిది మీద ఫిర్యాదట. ఎవరితోనూ అనకు."

వాళ్లు వస్తున్నది నిజానికి బట్టీకి కట్టెలు అడగడానికి. రుచి కోసం నేను కాస్త ఉప్పూ కారం వేశాను.

ఇలా మంగమ్మ నాలుగుసార్లు వచ్చింది. ఆ రోజు పూలు ఎవరు కట్టారో నాకు తెలియదు.

పొద్దు వాలేముందు రాజుగారు రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టించారు. గడియ గడియకీ సరిపోయాయి. నాగప్ప పుస్తకంలో అయిదో గడియ పక్కన 'గాజులవాళ్లు' అని కూడా ఉంది.

"ఏమయ్యా సింగరయ్యా, మూడో గడియ ఎందుకు ఖాళీగా ఉంచావు?"

నేను తల వంచుకున్నాను. "ప్రభూ, తమరు మీసానికి రంగు వేయించుకునే సంగతి నేనెవరితోనూ అనలేదు."

కొలువంతా రాజుగారి మీసం వైపు చూసింది. రాజుగారు కూడా తడిమి చూసుకున్నారు.

"రంగేమిటయ్యా? అప్పుడు నేను నిద్రపోతున్నాను!"

పెదకోటమ్మ ముందుకొచ్చి దండం పెట్టింది.

"నిద్రపోతున్నారంటే ఆ మాట ఎవరూ మోయరు ప్రభూ. రంగు వేయించుకుంటున్నారంటే దివానుగారి గుర్రం కూడా దాన్ని అందుకోలేదు."

"మరి గుమ్మం నుంచి లోపలికి కబురెవరు పంపారు?"

"దానికి నేనేమీ చేయలేదు ప్రభూ. అక్కడ సింగరయ్య బాబాయి ఉన్నాడుగా."

రాజుగారు సింహాసనం చేతులు పట్టుకుని నవ్వారు. నాగప్ప పుస్తకంతో ముఖం కప్పుకున్నాడు. దివానుగారు మాత్రం నవ్వలేదు. ఆయన బావమరిది సంగతి అప్పటికే కోటంతా తిరిగొచ్చింది.

కడియం పెదకోటమ్మ చేతికి వెళ్లింది. రాజుగారు నన్ను దగ్గరికి పిలిచారు.

"గుట్ట మీదికి వద్దులే, గుమ్మం దగ్గరే ఉండు. ఇక్కడ ఎంత నవ్వుల పాలయ్యావో మాత్రం ఎవరితోనూ అనకు."

కొలువు నుంచి గుమ్మానికి నూట ఇరవై అడుగులు. ఒట్టు, దారిలో నోరు విప్పలేదు.

నేను చేరేసరికి చీటీల కోసం నిలబడ్డవాళ్లందరూ నా మీసం వైపు చూసి, రంగెప్పుడు వేయించుకున్నావని నవ్వుతున్నారు.